హ్యాష్‌ట్యాగ్‌కి పుట్టిన పిన్ని

మనిషిని పుట్టించాలంటే మామూలుగా తొమ్మిది నెలలు పడుతుంది. నేను ఆఫీసులో క్యారేజీ విప్పి, పప్పన్నం ముగించి, పెరుగన్నంలోకి వచ్చేలోపు పుట్టించాను. అదీ పసిపిల్లని కాదు. యాభై దాటిన నిండు మనిషిని, చేమంతిపూల ఫొటోతో, ఊరి పేరుతో, నోటినిండా దీవెనలతో సహా. ఆ తర్వాత ఆవిడ కోసం ఓ కారు కంకిపాడు నుంచి కూచిపూడి దాకా వెళ్ళింది. ఎవరి గుమ్మానికో బొట్టు పడింది. ఒక జరీచీర అట్టపెట్టెలోంచి బయటికొచ్చింది. పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళిన వాళ్ళ గురించి మీరు వినే ఉంటారు. నేను పిన్నిని పెట్టుకెళ్ళాను. పిల్లే నయం. అది కనీసం ఉంటుంది.

ఇంత పని చేసిందంటే గడుసుపిండం అయ్యుంటుందని అనుకునేరు. అయ్యో! పటమటలో మా లేడీస్ హాస్టల్లో సాంబారులో ఉప్పు లేకపోతే లేదని చెప్పలేక, చిన్న ఉప్పు పొట్లం బ్యాగులో పెట్టుకు తిరిగిన మనిషిని నేను. షేరాటోలో దిగాల్సిన చోటు దాటిపోయినా "ఆపండి" అనడానికి మొహమాటపడి, ఇంకెవరో ఆపేదాకా కూర్చుని, అక్కణ్ణుంచి వెనక్కి నడిచొచ్చేదాన్ని. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక ఆఫీసులో కంప్యూటర్ ముందు ఉద్యోగం. ఆ ఉద్యోగంలో నాకు బాగా నచ్చిన సంగతి ఏమిటంటే, కంప్యూటర్ తిరిగి పలకరించదు. సాయంత్రం పుస్తకం, పడుకునే ముందు డైరీ. డైరీలో మాత్రం నా అంత వాగుడుకాయ ఆంధ్రదేశంలో లేదు.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. మా అమ్మ ఒక్కతే కూతురు. మా నాన్న ఒక్కడే కొడుకు. నేను ఒక్కదాన్నే. అందరికీ వంశవృక్షం ఉంటుంది, మాకు వంశకర్ర ఉంది. కొమ్మల్లేవు. స్కూల్లో పిల్లలంతా "సెలవులకి పిన్ని వాళ్ళింటికి వెళ్ళాం" అంటుంటే, పిన్ని అంటే కొబ్బరి మొక్క లాగా అందరి పెరట్లోనూ మొలిచేదనీ, మా పెరట్లోనే నేల మంచిది కాదనీ అనుకునేదాన్ని.

నాకున్న ఒకే ఒక్క స్నేహితురాలు హారిక. హాస్టల్లో నా రూమ్మేట్. రెండు మంచాలు, ఒక ఫ్యాను, ఒక కిటికీ. మాట్లాడటం ఆమె వంతు, వినడం నా వంతు. నిద్రలో కూడా ఊరుకునేది కాదు, నవ్వేది. చిన్నగా కాదు, ఎవరో పట్టుకుని చక్కిలిగింతలు పెడుతున్నట్టు. మొదట్లో భయపడ్డాను. తర్వాత్తర్వాత ఆ నవ్వు వినపడితే గానీ నాకు నిద్ర పట్టేది కాదు.

ఆ హారికకి పెళ్ళి కుదిరింది. అబ్బాయి పేరు వంశీ. వాళ్ళది గుడివాడ, అతని ఉద్యోగం పుణేలో. పెళ్ళవగానే ఈమె కూడా పుణే. హాస్టలంతా స్వీట్లు పంచింది. నేనూ తిన్నాను. ఎప్పుడు, ఎక్కడ, ఏం చీర అని అందరూ అడిగారు. రెండో మంచం సంగతి మాత్రం ఎవరూ అడగలేదు.

"ఒసేయ్, నా పెళ్ళికి హ్యాష్‌ట్యాగ్ నువ్వే పెట్టాలి" అంది హారిక ఒకరోజు, తల దువ్వుకుంటూ.

"నేనా?"

"మరి? ఆ పుస్తకాలన్నీ చదివేది దేనికి, బూజు దులపడానికా?"

"అసలు దేనికే అది?"

"ఎవరు ఏ ఫొటో పెట్టినా దాని కింద ఆ పేరు రాస్తారు. పేరు నొక్కితే చాలు, పెళ్ళి ఫొటోలన్నీ ఒక్కచోటకి వచ్చి వాల్తాయి. మా కజిన్స్ అందరికీ ఉంది. నాకు లేకపోతే నాకు పెళ్ళయిందని ఎవరికి తెలుస్తుంది?"

"వంశీకి తెలుస్తుంది కదా."

"జోకులు డైరీలో రాసుకో. నాకు హ్యాష్‌ట్యాగ్ కావాలి."

పైకి గొణిగాను గానీ, లోపల ఎగిరి గంతేశాను. ఎందుకంటే నాకు పెళ్ళిలో ఒక పని దొరికింది. పెళ్ళిలో వరసా లేక, పనీ లేక తిరిగే మనిషి బతుకు మీకు తెలుసా? కుర్చీ అంచున కూర్చుని, ఫోన్లో చూసిన ఫొటోలే మళ్ళీ చూస్తూ ఉండాలి. ఎవరో వచ్చి "మీరు ఎవరి తాలూకు?" అంటారు. "ఫ్రెండ్‌నండీ" అంటాం. "ఓహో" అని అటు తిరుగుతారు. ఆ "ఓహో"ని భోజనాలు వడ్డించేదాకా నములుతూ కూర్చోవాలి. హారిక పెళ్ళిలో నేను అలా కూర్చోదల్చుకోలేదు. నాకున్నదే ఒక్క మనిషి. ఆ ఒక్క మనిషి పెళ్ళిలోనైనా, "ఇది ఆ అమ్మాయి చేసింది" అనిపించుకునే వస్తువు ఒకటి ఉండాలనుకున్నాను.

డైరీలో పేజీలకి పేజీలు నింపాను. మొదట "హారికావంశీయం" అని చూపించాను.

"ఇదేంటే, ఆయుర్వేదం మందా? పరగడుపున ఎన్ని చెంచాలు?"

తర్వాత "శుభపరిణయహారిక".

"పొదుపు సంఘం పేరులా ఉంది. మనుషులు రాసేది చెప్పవే తల్లీ!"

చివరికి "హారికవంశీలఏడడుగులు" అంటే ఒప్పుకుంది. కానీ అమ్మాయి ఒప్పుకుంటే సరిపోతుందా? ఆదివారం కంకిపాడులో వాళ్ళింట్లో పంచాయితీ. హారిక నాన్నగారు కోటేశ్వరరావు అంకుల్, ఎరువుల కొట్టు. అమ్మగారు పద్మ ఆంటీ. వీళ్ళిద్దరి మీదా సుప్రీంకోర్టు, అంకుల్‌కి అక్కగారు, ఉయ్యూరు అనసూయమ్మ గారు. కృష్ణా జిల్లాలో ఎవరు ఎవరికి ఏమవుతారో ఆవిడకి తెలుసు. తెలియకపోయినా తెలుసు.

"పేరు ముందు ఈ చిన్న ముగ్గేంటమ్మా?" అన్నారు అంకుల్, కళ్ళజోడు పైకెత్తి.

"ముగ్గు కాదు నాన్నా, అదే హ్యాష్."

"తీసేస్తే?"

"తీసేస్తే మామూలు పేరైపోతుంది."

"మామూలు పేరుకి ఏం రోగం?"

"అది సరేరా, ఆడపిల్ల పేరు ముందేంటి?" అన్నారు అనసూయమ్మ గారు. "మగపెళ్ళివారు ఏమనుకుంటారు? తిప్పండి." తిప్పాం. "ఇంటిపేర్లేవీ? జిల్లాలో హారికలు గంపెడు." చేర్చాం. "ఊళ్ళు కూడా పడితే నిండుగా ఉంటుంది." పడేశాం. అంతా అయ్యేసరికి మా హ్యాష్‌ట్యాగ్ విజయవాడ స్టేషన్లో ఆగిన గూడ్సు బండిలా తయారైంది. అది పెడితే ముహూర్తం వెయ్యడానికి చోటుండదని శుభలేఖలు అచ్చువేసే ఆయన చేతులు జోడించడంతో ఊళ్ళూ ఇంటిపేర్లూ దిగిపోయి, "#వంశీహారికలఏడడుగులు" మిగిలింది. శుభలేఖ కింద, కుడివైపు మూలన, చిన్న బంగారు అక్షరాల్లో.

మూలన. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మరుసటి ఆదివారం శుభలేఖలు వచ్చాయి. హాల్లో చాప, చాప మీద కార్డుల కట్టలు, గిన్నెలో తడిపిన పసుపు. నేను గోడకి ఆనుకుని, గోడలో భాగంగా ఉన్నాను.

"ఏమ్మాయ్, ఊరికే కూర్చోకపోతే ఇలా రా. నాలుగు మూలలా పసుపు పెట్టు" అన్నారు అనసూయమ్మ గారు.

ఏమ్మాయ్! ఎంత బాగుందో వినడానికి. గబగబా వచ్చి కూర్చున్నాను. మొదటి మూల పెట్టాను. రెండు, మూడు. నాలుగో మూలన నా హ్యాష్‌ట్యాగ్ మెరుస్తోంది. ఆవిణ్ణి ఏ వరసన పిలవాలో తెలియక, "అండీ... ఈ మూల..." అన్నాను.

"ఆ మూల ఏం పాపం చేసింది? మూడు మూలలు పెట్టి పంపితే శుభం అంటారా ఎవరైనా? కానీ, కానీ."

హ్యాష్‌ట్యాగ్ ఉందండీ, కనపడదండీ అని చెప్పాలి. రెండే రెండు మాటలు. కానీ చుట్టూ అంతమంది ఆడవాళ్ళు, ఆ కబుర్లు, ఆ కాఫీ వాసన. నోరు తెరిచి మాట్లాడితే, అసలు ఈ అమ్మాయి ఇక్కడ ఎందుకుంది అని ఎవరికైనా అనుమానం వస్తుందేమోనని భయం. పెట్టాను. నా బొటనవేలితో, నా హ్యాష్‌ట్యాగ్ నెత్తిన, నేనే దిట్టంగా పసుపు అద్దాను. "మా పిల్ల కంటే నీటుగా పెడుతున్నావే!" అని పద్మ ఆంటీ మెచ్చుకుంటే, పొంగిపోయి ఇంకో కట్ట లాక్కున్నాను. చివరి కార్డు దాకా ఒక్కదాన్నీ వదల్లేదు. హంతకులు కూడా అంత శ్రద్ధగా పనిచేయరు.

ఫలితం మీరు ఊహించగలరు. నిశ్చితార్థం ఫొటోలు పెట్టింది హారిక. హ్యాష్‌ట్యాగ్ నొక్కితే, హారిక పెట్టినవి, నేను పెట్టినవి. అంతే. పెళ్ళికి వెయ్యిమందిని పిలిచిన ఇంట్లో, హ్యాష్‌ట్యాగ్ కింద ఇద్దరం.

"ఒక్కరూ పెట్టలేదేంటే?" అంది హారిక. కోపంగా అన్నా బాగుండేది. మామూలుగా అంది. "పేరు ఎవరికీ నచ్చలేదేమో. పోన్లే."

ఆ "పోన్లే" నాతో పాటు ఆఫీసుకి వచ్చింది. నాతో పాటు క్యారేజీ ముందు కూర్చుంది. అప్పుడే, పప్పన్నంలో ఉండగా, నాకు బుద్ధి పుట్టింది. ఎవరో ఒకరు మొదలుపెడితే మిగతావాళ్ళు అందుకుంటారు కదా! మొదలుపెట్టే ఆ ఒక్కరూ లేకపోతేనేం?

ఆలు లేదు, చూలు లేదు, పిన్ని పేరు రాజ్యలక్ష్మి. కొత్త ఖాతా తెరుస్తుంటే ఊరు అడిగింది ఫోన్లోని యాప్. ఎదురుగా గోడమీద క్యాలెండర్లో నాట్యం చేసే అమ్మాయి బొమ్మ ఉంది. కూచిపూడి అని కొట్టాను. ఆ వయసు ఆడవాళ్ళంతా పూలే పెట్టుకుంటారు కాబట్టి చేమంతులు పెట్టాను. ఇక హారిక నిశ్చితార్థం ఫొటో తీసుకుని, దాని కింద రాశాను:

"బంగారుతల్లీ, చిన్ననాట నిద్రలో నవ్వేదానివి. నీ నవ్వు విని ఇంట్లో దీపం పెట్టినట్టుండేది. ఎత్తుకున్న చేతులతోనే అక్షింతలు వేసే రోజు వచ్చింది. చల్లగా ఉండండి. మీ రాజ్యం పిన్ని. #వంశీహారికలఏడడుగులు."

రాసి, రెండుసార్లు చదువుకున్నాను. పెరుగన్నం కలుపుకున్నాను.

డబ్బా మూత పెట్టేలోపు జవాబు. వంశీ నాయనమ్మ సుభద్రమ్మ గారట. మనవడు కొత్త ఫోన్ కొనిచ్చాడట. "వదిన గారూ నమస్కారం. మీ దీవెన చదివి కళ్ళు చెమ్మగిల్లాయి. మా ఇంట్లో అందరికీ పనులే, మాట్లాడేందుకు ఎవరూ చిక్కరు. భోజనం చేశారా?"

భోజనం చేశారా! బెంజ్ సర్కిల్ చుట్టూ రోజూ ఎన్ని వేలమంది తిరుగుతారో, అందులో ఒక్కరు కూడా నన్ను ఆ మాట అడిగి ఎరగరు. "చేశానండీ వదిన గారూ. దోసకాయ పప్పు. మీరు?" అని రాసేశాను. ఆ రోజు నుంచి మధ్యాహ్నం అయ్యేసరికి గుడివాడ నుంచి పలకరింపు. మోకాళ్ళ నొప్పులూ, తులసి మొక్కలూ, కోడలి మాటతీరూ అన్నీ మా ఇద్దరి మధ్యే. నాకు వేరే కూర రాయడం చేతకాక రోజూ దోసకాయ పప్పే తినేదాన్ని.

చెప్పుకోవాల్సిన వింత ఏమిటంటే, ఎత్తు పారింది. పెద్దావిడే రాయగా మనం రాయకపోతే బాగుండదని హారిక కజిన్లు ఒక్కొక్కరే మొదలుపెట్టారు. "నీ హ్యాష్‌ట్యాగ్ పాకిందే!" అని హారిక నన్ను పట్టుకుని గిరగిరా తిప్పింది. నేను ఇంకా తిరుగుతుండగానే కంకిపాడు నుంచి ఫోన్. ఆదివారం అర్జంటుగా ఇద్దర్నీ రమ్మని.

సుభద్రమ్మ గారు కోటేశ్వరరావు అంకుల్‌కి ఫోన్ చేశారట. "మీ రాజ్యం గారు ముందురోజే వస్తారు కదండీ? ఆవిణ్ణి చూడాలని నా ప్రాణం కొట్టుకుపోతోంది." వియ్యాలవారి పెద్దావిడ అడిగితే ఏ ఆడపిల్ల తండ్రి అయినా "ఎవరావిడ?" అనగలడా? "రాకుండా ఎలా ఉంటారండీ, ముందు ఆవిడే" అనేశారట.

"ఇంతకీ ఎవరక్కా ఈ రాజ్యం?" అన్నారు అంకుల్.

అనసూయమ్మ గారు ఒక్క క్షణం, ఒకే ఒక్క క్షణం తటపటాయించారు. "ఎవరేంట్రా? మన మొవ్వ సీతారామయ్య తోడల్లుడి కూతురు."

"ఆయనకి అంతా మగపిల్లలే కదా వదినా?" అన్నారు పద్మ ఆంటీ.

"నీకు తెలుసా, నాకు తెలుసా? పెద్దావిడ కడుపున ముగ్గురు మగపిల్లలు. ఇది రెండో ఆవిడకి పుట్టింది. తెల్లగా, సన్నగా ఉంటుంది. పిల్ల పుట్టినప్పుడు వచ్చి నెల్లాళ్ళు ఉండి వెళ్ళలా?"

"ఆ... ఆఁ, వచ్చినట్టే గుర్తు" అన్నారు పద్మ ఆంటీ నెమ్మదిగా. "అయినా పిల్ల నిద్రలో నవ్వుతుందని ఇంట్లో మనుషులకి తప్ప తెలీదు. దగ్గర మనిషే."

వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్ళి చెయ్యమన్నారు పెద్దలు. నేను ఆడింది ఒక్కటే. మిగతా తొమ్మిదొందల తొంభైతొమ్మిదీ నా కళ్ళముందే, వాళ్ళే పంచుకున్నారు.

ఉన్నట్టుండి పద్మ ఆంటీ గుండెమీద చెయ్యి వేసుకున్నారు. "ఏమండీ, ఆవిణ్ణి బొట్టు పెట్టి పిలిచామా?"

పిలవలేదు. కార్డు పోస్టులో పంపినా తప్పే, ఫోన్లో చెప్పినా తప్పే. ఇంటికి వెళ్ళి, నుదుట బొట్టు పెట్టి, చేతికి శుభలేఖ ఇచ్చి పిలవని దగ్గరి మనిషి, పెళ్ళికి రాదు సరికదా, మూడు తరాలు చెప్పుకుంటుంది. పది నిమిషాల్లో కారు వాకిట్లో ఉంది. ముందు అంకుల్. వెనక కుంకుమభరిణెతో పద్మ ఆంటీ, అరటిపళ్ళతో అనసూయమ్మ గారు, మధ్యలో నేను. కంప్యూటర్ పిల్ల కదా, అడ్రసు దొరక్కపోతే ఫోన్లో చూస్తుందని ఎక్కించుకున్నారు.

ఉయ్యూరు దాటేదాకా ధైర్యం కూడగట్టాను. "ఆంటీ, ఒక్క మాట..."

"ఏసీ ఎక్కువైందా అమ్మా? ఏవండీ, తగ్గించండి."

పామర్రు దగ్గర మళ్ళీ. "అది కాదండీ, రాజ్యం పిన్ని గారు..."

"చూశావా వదినా, ఈ పిల్ల కూడా పిన్ని అంటోంది. అంత కలుపుగోలు మనిషి అన్నమాట!"

ఇక నేను కిటికీలోంచి పొలాలు చూశాను. ఎంత పచ్చగా ఉన్నాయో. వాటికి బొత్తిగా నా బాధ పట్టలేదు.

కూచిపూడిలో ఒక కిరాణా కొట్టు దగ్గర ఆపి, "రాజ్యం గారిల్లు ఎక్కడండీ?" అన్నారు అంకుల్. లేరంటాడు, వెనక్కి తిరుగుతాం, నా కథ కంచికి అనుకున్నాను. కొట్టాయన తాపీగా, "ఏ రాజ్యం గారండీ? మిల్లు రాజ్యమ్మ గారా, కుట్టు టీచరు రాజ్యం గారా?" అన్నాడు. ఆ వయసువాళ్ళలో రాజ్యం లేని ఊరు కృష్ణా జిల్లాలో ఉండదని నాకు తట్టలేదు.

"ఎలా ఉంటారు?" అన్నారు అనసూయమ్మ గారు.

"మిల్లావిడ బాగా ఒళ్ళండీ. టీచరు గారు సన్నగా..."

"ఆవిడే! నే చెప్పలా?"

ఇంటికి తాళం. చెల్లెలింటికి వెళ్ళారని పక్కింటావిడ చెప్పింది. "అయ్యో, ఇంత దూరం వచ్చి!" అని పద్మ ఆంటీ నిజంగానే బాధపడి, తాళం వేసిన తలుపుకి బొట్టు పెట్టి, గడపమీద శుభలేఖ, అరటిపళ్ళు పెట్టి, ఆ తలుపుతోనే "తప్పకుండా రావాలి వదినా" అని చెప్పి వచ్చారు. నేను పక్కన నిలబడి, నాలుగో మూలన నా బొటనవేలి ముద్ర ఉన్న ఆ కార్డుని చూస్తూ ఉండిపోయాను.

పెళ్ళి పగటి ముహూర్తం. మండపం కిటకిటలాడుతోంది. నేను వెనక వరసలో, కుర్చీ అంచున. నా పక్క కుర్చీ, దాని అలవాటు ప్రకారం, ఖాళీగా ఉంది. పాట్లన్నీ పడి చివరికి ఎక్కడ కూర్చోకూడదనుకున్నానో అక్కడే కూర్చున్నాను. పైగా ఒక భయం. రాజ్యం ఏదని సుభద్రమ్మ గారు అడుగుతారు. తీగ లాగుతారు. హారిక అత్తింట్లో మొదటి రోజే, మీవాళ్ళు అబద్ధాల మనుషులని మాట పడుతుంది. నా వల్ల. నా ఒక్కగానొక్క మనిషికి.

"అమ్మాయ్, ఇక్కడ ఎవరూ లేరు కదా?"

గంజిపెట్టిన నేత చీర, సన్నటి మనిషి, భుజాన హ్యాండ్‌బ్యాగ్. లేరండీ అన్నాను. కూర్చుంది.

"పెళ్ళికూతురికి ఏమవుతావు?"

"ఫ్రెండ్‌నండీ."

ఓహో అనలేదు. "హమ్మయ్య" అంది. "అయితే నీతో చెప్పొచ్చు. నాకు వీళ్ళెవరో తెలీదమ్మా." బ్యాగులోంచి శుభలేఖ తీసింది. నాలుగు మూలలా దిట్టమైన పసుపు. "ఊరినుంచి వచ్చేసరికి తలుపుకి బొట్టు, గడపమీద ఇది. కారేసుకుని వచ్చారట. నేను లేనని ఎంతో బాధపడ్డారట. పేర్లన్నీ రెండుసార్లు చదివా, ఒక్కటీ తగల్లా. నా మతిమరుపే అయ్యుంటుంది. అంత దూరం వచ్చి పిలిచినవాళ్ళని మీరెవరని అడుగుతామా?"

"మీ పేరండీ?" అన్నాను, తెలిసి తెలిసీ.

"రాజ్యలక్ష్మి. రాజ్యం అంటారు."

దేవుడు నాకంటే ఆలస్యంగా పుట్టించాడు గానీ, పనితనం ఆయనదే మెరుగ్గా ఉంది. నేను తేరుకునేలోపే అనసూయమ్మ గారు జనాన్ని చీల్చుకుంటూ వచ్చేశారు. "రాజ్యం! నువ్వు రాజ్యమే కదూ? ఎన్నాళ్ళకెన్నాళ్ళకి! అస్సలు మారలేదే!"

రాజ్యం గారు నావైపు ఒకసారి చూసింది. ఆవిడవైపు తిరిగింది. "మీరు మాత్రం ఏం మారారు వదినా?"

"ఉండు, సుభద్రమ్మ గార్ని తీసుకొస్తా. నీకోసం ఒకటే కలవరింత!" అంటూ ఆవిడ వెళ్ళారు. నాకు మిగిలింది ఆ కాస్త వ్యవధి. పుట్టి బుద్ధెరిగాక అంత గబగబా ఎప్పుడూ మాట్లాడలేదు. పసుపు, పోన్లే, చేమంతులు, కూచిపూడి, అన్నీ ఒకే ఊపిరిలో చెప్పేశాను.

ఆవిడ నోరు తెరుచుకుని విన్నది. "అంటే, నేను నీ..."

"అవునండీ."

"రోజూ ఆవిడకి నేను ఏం చెప్తుంటానమ్మా?"

"దోసకాయ పప్పు తిన్నానని."

"నాకు దోసకాయ పడదే!"

"ఇవాళ్టికి పడాలండీ. దణ్ణం పెడతాను."

సుభద్రమ్మ గారు చేతికర్ర టకటకలాడిస్తూ వచ్చి, రెండు చేతులూ పట్టేసుకున్నారు. "వదిన గారూ! ఇవాళ కూడా దోసకాయ పప్పేనా?"

నేను కళ్ళు మూసుకున్నాను.

"ఇవాళ మానేశానండీ" అంది రాజ్యం గారు, ఏమాత్రం తొణక్కుండా. "మీ పెళ్ళి భోజనం ఉంది కదా. ఇంతకీ మీ మోకాళ్ళెలా ఉన్నాయి?"

మోకాళ్ళ సంగతి నేను చెప్పలేదు! కర్ర చూసి అనేసిందట, తర్వాత చెప్పింది. ఇద్దరూ చేతులు పట్టుకుని కూర్చున్నవాళ్ళు తలంబ్రాలయ్యేదాకా లేవలేదు. పద్మ ఆంటీ వచ్చి జరీచీర పెట్టారు. కోటేశ్వరరావు అంకుల్ పక్కన నిలబడి ఫొటో దిగారు. నేను రాజ్యం గారి హ్యాండ్‌బ్యాగ్ పట్టుకున్నాను. అలా చివరికి నాకు పెళ్ళిలో పని దొరికింది.

వెళ్ళేటప్పుడు బ్యాగు అందుకుంటూ ఆవిడ అంది, "పెళ్ళి చేసుకోనిదాన్ని పెళ్ళిళ్ళకి పిలవడం మర్చిపోతారమ్మాయ్. తలుపుకే అయితేనేం, బొట్టు పెట్టారు. తుడవబుద్ధి కాలా." కాస్త ఆగి, "నువ్వు మటుకు ఇంకో కూర నేర్చుకో" అంది.

అప్పగింతల్లో హారిక ఒక్కొక్కరినీ పట్టుకుని ఏడుస్తూ నా దగ్గరికి వచ్చింది. మెడ చుట్టూ చేతులు వేసింది. భుజాలు అదురుతున్నాయి. పాపం, ఎంత ఏడుస్తోందో అని చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళొత్తుకున్నారు. అది నా చెవిలో పకపకా నవ్వుతోంది.

"పిన్నీ, ఆరోగ్యం జాగ్రత్త."

"నీకు... ఎప్పుడు తెలుసే?"

"మొదటి రోజే. నేను నిద్రలో నవ్వుతానని మా ఇంట్లోవాళ్ళు కాకుండా ఇంకెవరికి తెలుసు?"

"మరి చెప్పలేదే? కూచిపూడి దాకా వెళ్ళాం కదే!"

"పెద్దత్త ఒక్కసారైనా 'నాకు తెలీదు' అంటుందేమోనని చూశా. అన్లేదు" అంది. అప్పుడు నిజంగానే ఏడ్చింది. నేనూ ఏడ్చాను. కారు కదిలింది.

హ్యాష్‌ట్యాగ్ నొక్కితే ఇప్పుడు ఫొటోలే ఫొటోలు. సగం వాటిల్లో రాజ్యం పిన్ని జరీచీరతో వెలిగిపోతూ ఉంటుంది. నేను ఒక్క దాంట్లోనే ఉన్నాను. అంకుల్ పక్కనుంచి ఒక చెయ్యి, ఆ చేతికి ఒక హ్యాండ్‌బ్యాగ్. ఆ చెయ్యి నాదే. హాస్టల్లో రెండో మంచం మీద నా పుస్తకాలు పడుకుంటున్నాయి. బుద్ధిమంతురాళ్ళు. నిద్రలో నవ్వవు.

ఆ చేమంతిపూల మనిషిని మాయం చేసేద్దామని చాలాసార్లు అనుకున్నాను. అనుకునేలోపు గుడివాడ నుంచి "వదిన గారూ, భోజనం చేశారా?" అని వస్తుంది. ఇంక ఎలా పోతుంది ఆవిడ? అబద్ధం రాయడం ఇష్టం లేక, ముందు కూచిపూడికి ఫోన్ చేస్తున్నాను. "ఇవాళ ఏం వండుకున్నారండీ?" అని అడిగి, బీరకాయంటే బీరకాయ, చారంటే చారు, ఉన్నదున్నట్టు గుడివాడకి రాస్తున్నాను. ఆవిడ ఫోన్ పెట్టేసే ముందు "నువ్వేం తిన్నావు?" అంటుంది. హాస్టల్ సాంబారండీ అంటాను. "ఉప్పు సరిపోయిందా?" అంటుంది. సరిపోయిందండీ అంటాను. అదొక్కటీ అబద్ధం.

మొన్న బెంజ్ సర్కిల్ దగ్గర రోడ్డు దాటబోతుంటే అనసూయమ్మ గారు ఎదురయ్యారు. కళ్ళు చిట్లించి చూశారు. "ఏమ్మాయ్, నువ్వు హారిక హాస్టల్ పిల్లవి కదూ? పెళ్ళికి రాలేదేం?"

నేను నోరు తెరిచాను.

"మా రాజ్యం చూడు, కూచిపూడి నుంచి పనిగట్టుకుని వచ్చింది. మనుషులన్నాక రాకపోకలుండాలమ్మా!"

పసుపు పెట్టింది నేనేనండీ, కార్లో మీ పక్కన కూర్చుంది నేనేనండీ, ఆ రాజ్యాన్ని కన్నది నేనేనండీ అని చెప్పాలి. మూడే మూడు మాటలు.

"వీలుపడలేదండీ" అన్నాను. "ఏమీ అనుకోకండి."

కాబట్టి, ఈ రోడ్డూ, ఈ ట్రాఫిక్కూ, చదువుతున్న మీరూ సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకపై ఎవరి పెళ్ళికీ హ్యాష్‌ట్యాగ్ పెట్టను. పెట్టినా శుభలేఖ మూలన వేయించను. మూలన వేయించినా దానికి పసుపు పుయ్యను. పూసినా, దాన్ని కప్పిపుచ్చడానికి మనుషుల్ని పుట్టించను, ముఖ్యంగా పెరుగన్నానికి ముందు. ఒట్టు. రాజ్యం పిన్ని మీద ఒట్టు.

ఏ రాజ్యం పిన్ని అని మాత్రం అడక్కండి.